మందుకొమ్ము ఏ ఊరిది?

పాత మిద్దె కూల్చేటప్పుడో, అటక దులిపేటప్పుడో ఒక కొమ్ము బయటపడుతుంది. జానెడు పొడవు, నల్లగా నిగనిగలాడే ఒళ్లు, దాని చుట్టూ చెక్కిన లతలు, సన్నటి కొన దగ్గర చిలక ముక్కో మకరం నోరో, వెడల్పు వైపు కొయ్య బిరడా, తాడు కట్టుకోవడానికి రెండు రింగులు. ఇంట్లో పెద్దవాళ్లుంటే అది తుపాకిమందు పోసుకునే కొమ్మని చెబుతారు. అంతవరకు తేలికే. ఎక్కడిదని అడిగితేనే చిక్కు మొదలవుతుంది.

ఎందుకంటే అందులో మూడు ప్రశ్నలున్నాయి. కొమ్ము ఏ జంతువుది? చెక్కిన చెయ్యి ఏ ఊరిది? అది వేలాడిన నడుము ఎవరిది? ఈ మూడింటికీ ఒకే ఊరు జవాబు కానక్కర్లేదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల ప్రాంతంలో అయితే కాకపోవడానికే అవకాశం ఎక్కువ. నందికనుమ దాటితే నంద్యాల, కర్నూలు. దక్షిణానికి దిగితే కడప. పొదిలి మీదుగా తూర్పుకు పోతే కోస్తా. దోర్నాల నుంచి శ్రీశైలం కొండెక్కే దారి. ఉప్పు మూటలేసుకున్న లంబాడీల ఎద్దులు, దండులు, యాత్రికులు తిరిగిన ఈ తోవల్లో వస్తువులు కూడా చేతులు మారుతూ తిరిగాయి. అందుకే ఈ సీమలో దొరికిన కొమ్మును ఈ సీమదేనని అనుకుని మొదలుపెట్టకూడదు. కాదని తేల్చేసి మొదలుపెట్టినా తప్పే.

ముందు దాని పని తెలియాలి. గొట్టం నోట్లోంచి మందు పోసి ఒత్తితో పేల్చే తుపాకులకు రెండు రకాల మందు కావాలి. గొట్టంలో పోసి, గుండు వేసి, గజంతో కూరేది ముతక మందు. పక్కనున్న చిన్న పళ్లెంలో చిటికెడు వేసే మెత్తటి పొడి రంజకం. వెలుగుతున్న ఒత్తి, అంటే జామగి, ఆ రంజకాన్ని తాకితే మంట చిల్లులోంచి లోపలికి పాకి పెద్ద మందు అంటుకునేది. కాబట్టి తుపాకి పట్టినవాడి ఒంటి మీద రెండు పాత్రలుండేవి, పెద్దదొకటి, అరచేతిలో ఇమిడేది ఒకటి. చెక్కడపు సొగసు ఎక్కువగా చిన్నదాని మీదే కనిపిస్తుంది. అది ఎప్పుడూ చేతిలో ఆడేది, నలుగురి కళ్లా పడేది. మందులో సుమారు 75 పాళ్లు పెట్లుప్పు, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. పెట్లుప్పు మలినంగా ఉంటే తేమ పీల్చుకుని మందు మొద్దుబారుతుంది. కొమ్ము నీటిని రానివ్వదు, రాయికి కొట్టుకున్నా నిప్పురవ్వ లేవదు, తేలిగ్గా ఉంటుంది, పడేసినా పగలదు. ప్రపంచంలో తుపాకి చేరిన దాదాపు ప్రతి చోటా జనం కొమ్మును ఎంచుకున్నది ఇందుకే. ఊరు కనిపెట్టడం కష్టం కావడానికి కూడా ఇదే కారణం. ఒకరినొకరు చూడని జాతులు ఒకే ఆకారానికి వచ్చి చేరాయి.

పదార్థం దగ్గర మనం పొరపడడానికి మన భాషే ఒక కారణం. ఎద్దుదీ కొమ్మే, దుప్పిదీ కొమ్మే అంటాం. నిజానికి అవి రెండూ వేరు. ఎద్దు, గేదె, మేక, కృష్ణజింకల కొమ్ము గోరులాంటి పదార్థం. లోపలున్న ఎముక దిమ్మ మీద తొడుగులా పెరుగుతుంది. నానబెట్టో ఉడకబెట్టో ఎముకను లాగేస్తే బోలు కొమ్ము చేతికొస్తుంది. దుప్పి, కణితి కొమ్ములు అసలు ఎముకే. ఏటేటా రాలిపోతాయి, లోపల గుల్లగా ఉన్నా బోలుగా ఉండవు. వాటిని పాత్ర చేయాలంటే తొలవాలి. దంతం మూడోది. అడ్డంగా కోసిన చోట సన్నటి గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టు కనిపిస్తే అది ఏనుగు దంతం. ఎముకలో ఆ వల ఉండదు, నల్లటి సూదిమొన చుక్కలుంటాయి. కొమ్మును వెలుతురుకు ఎదురుగా పెడితే పలచటి చోట తేనెరంగులో వెలుగు దిగుతుంది, పొరలు కనిపిస్తాయి. అటకల మీద పడి ఉన్నవాటికి పురుగు తిన్న గుంటలుంటాయి. సూది కాల్చి గుచ్చి వెంట్రుక కాలిన వాసన చూడమని కొందరు చెబుతారు. ఆ పని చేయవద్దు. వస్తువు పాడవుతుంది, లోపల మందు మిగిలి ఉంటే ప్రాణం మీదికొస్తుంది.

జంతువును కూడా ఆకారమే చెబుతుంది. గేదె కొమ్ము నలుపు, మొదట్లో పలకలు తేరి ఉంటుంది, అడ్డంగా మడతలుంటాయి. ఎద్దు కొమ్ము గుండ్రం, చాలాసార్లు లేత రంగు, కొన నలుపు. ఇక్కడ ప్రకాశం జిల్లావాళ్లు మర్చిపోకూడని సంగతి ఒకటుంది. మన ఒంగోలు జాతి కొమ్ములు పొట్టివి, మొదట్లో లావు, గిత్తకైనా 7 నుంచి 15 సెంటీమీటర్లకు మించడం అరుదు. అంత కొమ్ములో రంజకం పట్టవచ్చేమో గాని పెద్ద మందు పట్టదు. కాబట్టి అడుగు పొడవున వంపు తిరిగిన ఎద్దు కొమ్ము చేతికొస్తే అది ఒంగోలు గిత్తది కాదని ధైర్యంగా అనవచ్చు. పొడవాటి సన్నని కొమ్ములు మైసూరు వైపు హళ్లికార్, అమృత్ మహల్ జాతులవి. మైసూరు మాట ఇక్కడికి ఎందుకొచ్చిందని అడిగితే, కడపను 1779లో హైదరలీ గెలిచాడు. 1792 శ్రీరంగపట్నం సంధి దాకా ఈ ప్రాంతాలు మైసూరు కిందే ఉన్నాయి. మైసూరు దండులో తిరిగిన కొమ్ము కంభంలో మిగిలిపోవడంలో వింతేమీ లేదు. అడవిదున్న కొమ్ము అయితే ఇంకో లెక్క. 1870ల తర్వాత నల్లమలలో జాడ లేకుండా పోయిన ఆ జంతువు 2024లో మళ్లీ కనిపించింది. అంటే దాని కొమ్ముతో చేసిన పాత వస్తువు చాలా వెనకటిదైనా కావాలి, పడమటి కనుమల నుంచి వచ్చిందైనా కావాలి.

పదార్థం తర్వాత అందరూ చెక్కడం మీదికి పోతారు. నేను మాత్రం మూతి, బిరడా, రింగులు, మరలు చూడమంటాను. మన దేశపు రంజకపు కొమ్ముల్లో ఎక్కువవాటికి కొన దగ్గర ఉక్కు మీట ఉంటుంది. వీపు మీద స్ప్రింగు, బొటనవేలితో నొక్కితే మూతి తెరుచుకుని చిటికెడు పొడి రాలుతుంది, వదిలితే మూసుకుంటుంది. అమెరికా కొమ్ముల్లో సాధారణంగా కొనకు చిన్న బిరడా, మొదట్లో మేకులు కొట్టిన కొయ్య మూత ఉంటాయి. కొలిచి పోసే గొట్టం మూతులు ఇంగ్లండు అలవాటు. షెఫీల్డ్‌లోని డిక్సన్, హాక్స్‌లీ కంపెనీలు అచ్చుగుద్దిన రాగి మందుకాయలను 19వ శతాబ్దంలో విరివిగా చేశాయి. వాటి మూతిని పీకి నాటు కొమ్ముకు బిగించుకోవడం కష్టమేమీ కాదు. అందుకే భాగాలన్నీ ఒకే కాలానివి అనుకోకూడదు. మొన తేలిన యంత్రపు మర కనిపిస్తే ఆ మర 1840ల తర్వాతిది. కొమ్ము అంతకన్నా పాతది కావచ్చు.

ఇక చెక్కడం. లోకంలో ఈ విద్యకు పేరున్న చోట్లు కొన్నే. ఉత్తర అమెరికాలో ఇంగ్లీషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ జరిగిన 1754-63 యుద్ధకాలంలో సైనికులు తమ కొమ్ముల మీద హడ్సన్, మోహాక్ నదులు, కోటలు, తమ పేరు, తేదీ గీయించుకున్నారు. జాన్ బుష్ అనే నల్లజాతి సైనికుడు 1755 ప్రాంతంలో లేక్ జార్జ్ దగ్గర చెక్కినవి ఇప్పటికీ ఆ విద్యకు కొలబద్దలు. రూఫస్ గ్రైడర్ అనే ఆయన 19వ శతాబ్దం చివర ఊరూరా తిరిగి వందలాది కొమ్ముల చెక్కడాలను కాగితం మీద రంగుల్లో దించుకున్నాడు. అక్కడి పరిశోధనకు పునాది ఆ బొమ్మలే. స్కాట్లండులో ఎద్దు కొమ్మును వేడిచేసి చదును చేసి అల్లిక ముడులు చెక్కారు. జర్మన్ దేశాల్లో చీలిన దుప్పి కొమ్ము మీద ఆదాము అవ్వలు, వేట దృశ్యాలు. మొగలుల దంతపు రంజక పాత్రలు మరో లోకం. జింక నోట్లోంచి సింహం, సింహం వీపున పక్షి, ఇలా జంతువులోంచి జంతువు పుట్టుకొస్తున్నట్టు చెక్కుతారు. వాటిలో కొన్ని 17వ శతాబ్దంలోనే యూరప్ రాజుల ఖజానాలకు చేరి అక్కడి జాబితాలకెక్కాయి. వాటి కాలం ఇంత గట్టిగా తెలిసిందంటే ఆ జాబితాల వల్లే.

మన దక్కను కొమ్ముల మీద కనిపించే మకరం, యాళి, హంస, చిలక, పద్మం, లత గుడి స్తంభం మీదా ఉంటాయి, తలుపు చట్రం మీదా ఉంటాయి. మార్కాపురం చెన్నకేశవాలయం స్తంభాలతో పోల్చి, పోలిక కుదిరిందని కొమ్మును అక్కడికి కట్టేయడం తొందరపాటు. అదే మకరం తంజావూరులోనూ ఉంది, హంపీలోనూ ఉంది. ఇంకా మోసపుచ్చేది సున్నాలో చుక్క. మూడు మొనల ఉలిని గుండ్రంగా తిప్పితే పడే ఆ గుర్తు ఆఫ్రికా నుంచి మన దాకా కొమ్మూ ఎముకా చెక్కే ప్రతివాడి చేతిలోనూ ఉంది. దాన్ని బట్టి ఊరు చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

చదివినవాళ్లు ఏం చెప్పారో కూడా చూద్దాం. ఎగర్టన్ 1880లో ఇండియా ఆయుధాల పట్టిక వేశాడు. స్టోన్ 1934 నిఘంటువు ఇప్పటికీ వేలంపాటల వాళ్ల చేతిపుస్తకం. జి.ఎన్. పంత్ మన మ్యూజియంల సరుకును వర్గీకరించాడు. ఇక్తిదార్ ఆలం ఖాన్ 2004 పుస్తకం మందుగుండు మన దేశంలో ఎలా వ్యాపించిందో చెబుతుంది. రాబర్ట్ ఎల్గుడ్ అదే ఏడు దక్షిణాది ఆయుధాల మీద రాసిన పుస్తకం నా దృష్టిలో మనకు అన్నిటికన్నా ఉపయోగం. దక్షిణాదిని ఉత్తరాదికి తోకగా కాకుండా విడిగా చూశాడు. కానీ వీళ్లందరూ ఆధారపడింది రాజుల ఆయుధశాలల మీద. ఆ శాలలే మనకు సరిగా మిగల్లేదు. తంజావూరు శాలలో చాలా భాగం 19వ శతాబ్దంలో పాత ఇనుముగా పోయింది. మద్రాసు అధికారి వాల్టర్ ఇలియట్ ఏరి పక్కన పెట్టినవి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. రాజుల శాలల్లో పట్టా కత్తులకు చోటు దొరికింది గాని పల్లెటూరి బంట్రోతు నడుముకు వేలాడిన కొమ్మును దాచినవాళ్లు లేరు. దాన్ని పోల్చుకోవడానికి తోడు దొరకని లోటు అక్కడి నుంచే వచ్చింది.

దొరికిన చోటు పుట్టిన చోటు కాదనడానికి అన్నిటికన్నా మంచి సాక్ష్యం మన పొరుగునే ఉంది. 17వ శతాబ్దం చివర మొగలుల తరఫున వచ్చిన బికనీర్ రాజు అనూప్ సింగ్ ఆదోనిని పట్టుకున్నాడు. అక్కడి ఆయుధాలు రాజస్థాన్ ఎడారికి తరలిపోయాయి. బికనీర్ శాలవాళ్లు వాటి మీద చుక్కలు చుక్కలుగా నాగరి అక్షరాలు పొడిచి ఆదోనిలో దొరికినట్టు రాసుకున్నారు. ఆ రాత లేకపోతే అవన్నీ ఇవాళ రాజస్థానీ ఆయుధాలని చెలామణి అయ్యేవి. ఉలిమొనతో పొడిచిన నాలుగు చుక్కలు ఒక సీమ పనితనాన్ని దానికే మిగిల్చాయి. అందుకే కొమ్ము మూతి చుట్టూ, బిరడా అడుగున, రింగు లోపల భూతద్దం పెట్టి వెతకమంటాను.

అక్షరం దొరికితే ఇంకో జాగ్రత్త కావాలి. శాలివాహన శకం అయితే 78 కలపాలి, ఫసలీ అయితే 590 కలపాలి, హిజ్రీ చాంద్రమానం కాబట్టి పట్టిక చూడాలి. సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అరవయ్యేళ్ల చక్రం అడ్డొస్తుంది. పరాభవ అని చెక్కి ఉంటే అది 1786 కావచ్చు, 1846 కావచ్చు, 1906 కూడా కావచ్చు. ఈ ప్రాంతంలో ఆ పేరు కనబడగానే గుండె 1846 వైపే లాగుతుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల మీద పడి, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో ఈస్టిండియా కంపెనీ దండుతో తలపడిన ఏడు అది. అదే పరాభవ చివర, 1847 ఫిబ్రవరి 22న, ఆయన్ను కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన వెంట బోయలు, చెంచులు నడిచారు. ఆ పోరులో పాల్గొన్న కొమ్ము మన ఇంట్లో ఉందనుకోవడంలో ఉన్న గర్వం నాకు అర్థమవుతుంది. ఆ గర్వాన్ని గౌరవిస్తూనే ఆధారం అడగాలి. పరాభవలో చెక్కిందని తేలడం వేరు, రెడ్డి మనిషి చేతిలో ఉండేదని తేలడం వేరు.

ఈ నేల మీద తుపాకులు ఎవరెవరి దగ్గర ఉండేవో చెప్పే రాతలు ఉన్నాయి. నిజాం 1800లో ఈ సీమను కంపెనీకి ఇచ్చేటప్పటికి దత్త మండలాల్లో పాలెగాళ్లు సుమారు 80 మంది. వాళ్ల బంట్లకు, కట్టుబడి నౌకర్లకు తుపాకి మామూలు సామాను. కంపెనీ కలెక్టరు మన్రో 1807లో వెళ్లిపోయే లోపు వాళ్ల పీచమణిచాడు. పొరుగున కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలు పోగేశాడని 1839లో కంపెనీ సైన్యం జోరాపురం దగ్గర పోరాడి ఆయన్ను గద్దె దింపింది. 1878 ఆయుధ చట్టం వచ్చాక లైసెన్సు లేనివాడు తుపాకి పట్టడం నేరమైంది. కొమ్ములు అటకెక్కిన కాలం దాదాపు ఇదే అనుకోవచ్చు.

ఆ కాగితాలు ఎక్కడ వెతకాలన్నది చాలామంది పట్టించుకోరు. మార్కాపురం, కంభం 1858 దాకా కడప జిల్లావి. అప్పుడు కర్నూలులో కలిపారు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. పొదిలి, కనిగిరి, దర్శి మాత్రం నెల్లూరు నుంచి వచ్చాయి. అంటే గిద్దలూరు ఇంటి కొమ్ము గురించి 1840ల రాత కావాలంటే కడప రికార్డుల్లో, 1890ల లైసెన్సు కావాలంటే కర్నూలులో వెతకాలి. ఒంగోలులో వెతికి లేదని వచ్చేవాళ్లు తప్పు గుమ్మం తట్టినట్టు. గ్రిబుల్ 1875 కడప మాన్యువల్, నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టి 1886 కర్నూలు మాన్యువల్, మెకంజీ పోగుచేయించిన ఊళ్ల చరిత్రలైన కైఫీయతులు, ఈ మూడూ దగ్గర పెట్టుకోకుండా ఈ ప్రాంతపు వస్తువుకు చరిత్ర రాయడం కుదరదు.

తెలుగు నేల మీద కొమ్ము పని ఉన్న చోటు విశాఖపట్నం. చందనపు చెక్క మీద దంతం, కొమ్ము, ముళ్లపంది ముళ్లు తాపడం చేసిన పెట్టెలు అక్కడి నుంచి దొరల ఇళ్లకు వెళ్లాయి. దాని పొరుగునే పర్లాకిమిడిలో గేదె కొమ్ముతో పక్షులు, దువ్వెనలు చేసే ఇళ్లున్నాయి. కానీ ఆ పని ఎక్కువగా బల్ల మీద అలంకారానికి చేసింది. లోపల మందు మసి లేకుండా, మూతి అరగకుండా, ఒంటికి రాసుకున్న జాడ లేకుండా నున్నగా ఉన్న చెక్కుడు కొమ్ము దొరికితే నేను ముందు ఆ తీరం వైపే చూస్తాను. అది వాడిన వస్తువు కాదు, కొనుక్కొచ్చిన ముచ్చట.

నడుముకు వేలాడిన కొమ్ముకు ఒక పక్కే అరుగుతుంది. ఒంటికి తగిలే వైపు గీతలు నునుపు దేరి, బయటి వైపు పదునుగా మిగులుతాయి. రెండు పక్కలా ఒకేలా అరిగి ఉంటే ఎవరో కావాలని రుద్దారని అర్థం. అరిగిన చోట మీదుగా పదునైన గీత పోతే చెక్కడం తర్వాత వేసినది. పాత సాదా కొమ్ము తీసుకుని కొత్తగా చెక్కి అమ్మడం అమెరికాలో పెద్ద వ్యాపారం. మన దగ్గర జైపూరు, ఉదయపూరు బజార్ల నుంచి వచ్చే ఒంటె ఎముక ముక్కలు అతికిన ఇత్తడి మందుకాయలు చాలామటుకు కొత్తవే. టీ నీళ్లలో నానేసి పాతబరుస్తారు. ప్రయోగశాల పరీక్ష చేయిస్తే తేలిపోతుందని కొందరికి నమ్మకం. జంతువు జాతిని శాస్త్రం చెప్పగలదు, లోహంలో ఏమేమి కలిసిందో చెప్పగలదు. కర్బన పరీక్ష మాత్రం 1650 తర్వాతి కాలానికి ఒకటికి రెండు మూడు తేదీలు చూపిస్తుంది. మనకు కావలసింది ఆ మూడు శతాబ్దాలే.

చెంచుల సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. 19వ శతాబ్దంలో వాళ్ల గురించి రాసినవాళ్లు బల్లెం, గొడ్డలి, వెదురు విల్లుతో పాటు ఒత్తి తుపాకిని కూడా వాళ్ల ఆయుధాల్లో చేర్చారు. వాళ్ల కొమ్ముల మీద మకరాలు ఉండవు. నాలుగు గీతలు, తాడు జారకుండా ఒక గాడి. బజారులో వాటికి ధర పలకదు, అందుకే ఎవరూ దాచరు. ఈ అడవికి, ఈ నేలకు గట్టిగా చెందిన కొమ్ములు బహుశా అవే. మనం చెక్కుడు కొమ్ము వెనక పరిగెత్తుతూ వాటిని పొయ్యిలో పెట్టనివ్వడం నాకు బాధగా ఉంటుంది.

కొమ్ము దొరికినవాళ్లకు ఇంతే చెప్పగలను. బిరడా బిగిసి ఉంటే కొట్టకండి, వేడి చేయకండి. పొడిగా ఉన్న నల్ల మందు నూరేళ్లయినా అంటుకుంటుంది. తెలిసినవాళ్ల చేత తడిపి తీయించాలి, తీసిన పొడిలో చిటికెడు తడిగానే సీసాలో దాచాలి. గేదె, ఎద్దు కొమ్ముకు అభ్యంతరం లేదు. దుప్పి కొమ్ము, దంతం అయితే 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అమ్మడం కొనడం నేరం. నూరేళ్లు దాటితే అదే ఏటి పురావస్తువుల చట్టం కింద దేశం దాటించకూడదు. నూనె రాసి, బ్రాసో పెట్టి తోమితే సాక్ష్యమంతా ఆ గుడ్డకు అంటుకుపోతుంది. ఉన్నది ఉన్నట్టు నాలుగు వైపులా స్కేలు పెట్టి ఫొటో తీసి కడపలోని ప్రభుత్వ మ్యూజియానికో, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికో చూపించవచ్చు.

అంతకన్నా ముందు ఆ ఇంటి అవ్వనో తాతనో కూర్చోబెట్టి అడగండి. ఏ గదిలో, ఏ గూటికి వేలాడేది? దాంతోపాటు తుపాకి ఉండేదా, దాన్ని ఎవరు పట్టుకుపోయారు? ఏ ఊరి కోడలి వెంట వచ్చింది? దసరాకు బొట్టు పెట్టేవాళ్లా? ముఖ్యంగా ఆ ఇంట్లో దాన్ని ఏ పేరుతో పిలిచేవాళ్లు? మందుకొమ్ము అన్నారా, బారూదు డబ్బీ అన్నారా, సింగడా అన్నారా? తెలుగు మాటైతే ఒక దారి. తురకమాటైతే కర్నూలు, హైదరాబాదు కొలువుల వైపు ఇంకో దారి. ఆ మాటను చెప్పినవాళ్ల పేరుతో, తేదీతో ఒక చీటీ మీద రాసి, కొమ్ములో కాకుండా దాని తాడుకు కట్టండి.